పుట్టిన దూడ కాలు మడుస్తోందా? కట్టు కట్టే ముందు చేత్తో పట్టుకుని చూడండి

దూడ పుట్టి రెండు గంటలు దాటినా నిలబడలేకపోతే ఎవరికైనా టెన్షనే. మామూలుగా గంట, మహా అయితే రెండు గంటల్లో లేచి పొదుగు వెతుక్కోవాలి. లేవకపోయేసరికి అందరం కాలు పట్టుకుని లాగడం, నిలబెట్టడం, ఫోన్లు చేయడంలో పడిపోతాం, ఈలోపు ముర్రుపాల సంగతి మర్చిపోతాం. కాలికి ఏమైనా సరే ముందు పాలు పట్టండి. దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకి 3 లీటర్లు, మొదటి ఆరు గంటల్లో లోపలికి వెళ్లాలి. రోగాన్ని ఆపే శక్తి ఆ పాల నుంచే వస్తుంది, గంటలు గడిచేకొద్దీ పేగులు దాన్ని పీల్చుకోవడం తగ్గిపోతుంది. దూడని ఛాతీ మీద కూర్చోబెట్టి, తల ఎత్తి సీసాతో పట్టండి. చప్పరించడం లేదంటే మాత్రం నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు ట్యూబుతో పట్టడం తెలిసినవాళ్లు కావాలి.

పాలు పట్టాక ఇక కాలు సంగతి.

గిట్ట వెనక్కి మడిచి, కొనల మీద నిలబడుతోంది

ఎక్కువగా కనిపించేది ఇదే, ముఖ్యంగా ముందుకాళ్లలో. దూడ పెద్దదై కడుపులో చోటు చాలక కాళ్లు ముడుచుకుని ఉండిపోతే కాలి వెనక నరాలు (డాక్టర్లు స్నాయువులంటారు) బిగుసుకుపోతాయి. కొన్నిసార్లు వంశంలోనే ఉంటుంది. కాలు చేత్తో పట్టుకుని మెల్లగా చాపి చూడండి, ఏం చేయాలో అక్కడే తెలిసిపోతుంది.

సులువుగా చాపగలిగితే కంగారు వద్దు. జారని, పొడి నేల మీద తిరగనివ్వండి. రోజుకి నాలుగైదుసార్లు కొన్ని నిమిషాలు కాలు చాపి పట్టుకోండి. దాని బరువు దాని కాళ్ల మీద పడేకొద్దీ నరం సాగుతుంది, చాలా దూడలు కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి.

కాస్త బలం పెడితేనే చాపగలుగుతున్నారా, లేదా గిట్ట ముందు వైపు నేలకి రాసుకుని చర్మం లేచిపోతోందా, అప్పుడు కట్టు కావాలి. పీవీసీ పైపుని నిలువునా రెండుగా కోసి, అంచులు నున్నగా చేసి, కాలికి దూది మందంగా చుట్టి, పైపు ముక్కని వెనక వైపు పెట్టి బ్యాండేజీ చుట్టండి. గిట్ట పైన కీలు మాత్రమే మడుస్తుంటే మోకాలి కింద నుంచి గిట్ట దాకా చాలు. మోకాలు కూడా వంగితే పైకి పొడవుగా కావాలి, అది డాక్టర్‌తో కట్టించడమే మేలు. కట్టు రోజూ విప్పి చర్మం చూడాల్సిందే. మా దూడకి ఒకసారి బాగానే నడుస్తోంది కదా అని మూడు రోజులు విప్పలేదు, పైపు అంచు ఒరుసుకుని పుండు పడింది, కాలు బాగుపడ్డాక కూడా ఆ పుండు మానడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ బాధ దూడకి అనవసరంగా పెట్టాను.

నరం వదులవడానికి కొందరు డాక్టర్లు ఆక్సీటెట్రాసైక్లిన్ సూది వేస్తారు. డోసు ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి, సొంతంగా వేయకండి. ఎంత బలం పెట్టినా చాపలేకపోతే బలవంతం చేయొద్దు, కీలే బిగుసుకుపోయి ఉండొచ్చు, డాక్టర్ చూసి ఆపరేషన్ పనికొస్తుందో లేదో చెప్పాలి.

కీలు కిందకి జారి, గిట్ట కొన పైకి లేస్తోంది

ఇది దానికి పూర్తిగా వ్యతిరేకం, నరాలు వదులుగా ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టినవాటిలో ఎక్కువ. గట్టి కట్టు కడితే ఇంకా బలహీనపడతాయి. జారని నేల, కొద్దికొద్దిగా నడక చాలు, ఎక్కువ భాగం వాటంతట అవే బిగుస్తాయి.

ఈత కష్టమై, తాడు కట్టి లాగాక కాలు ఆనించడం లేదు

తాడు కట్టినచోట వాపు, నొప్పి, కాలు వేలాడటం ఉంటే ఎముక విరిగిందనే అనుకోండి. నడిపించకండి. విరిగిన చోటుకి పైన కీలు, కింద కీలు రెండూ కదలకుండా మెత్తగా కట్టి డాక్టర్‌ని పిలవండి. మోకాలి కింద ఎముకైతే, చర్మం చీలకపోతే, పిండికట్టుతో నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలావరకు అతుక్కుంటుంది.

తుంటి ఇరుక్కుని గట్టిగా లాగిన దూడ వెనక కాలు వాపు లేకుండానే కూలబడిపోతుంటే తొడ కండని ఆడించే నాడి (ఇది పైన చెప్పిన స్నాయువు కాదు) దెబ్బతిని ఉండొచ్చు. వారం పది రోజుల్లో తొడ కండ సన్నబడటం దీని గుర్తు. మెత్తటి పడక వేసి, రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి.

నాలుగైదు రోజులు బాగానే తిరిగి, తర్వాత కుంటుతోంది

నాకు అన్నిటికంటే భయం దీని గురించే. కీలు ముట్టుకుంటే వేడిగా, వాపుగా ఉందా? బొడ్డు లావుగా, తడిగా, వాసనగా ఉందా? జ్వరం 39.5 డిగ్రీల సెల్సియస్ దాటిందా? బొడ్డులోంచి వెళ్లిన సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కీళ్లలో చేరాయన్నమాట. తైలం రాసి రెండు రోజులు చూద్దాం అనుకుంటే కీలు లోపల అరిగిపోతుంది, తర్వాత ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు. అదే రోజు యాంటీబయాటిక్ మొదలుపెట్టించండి, కాస్త తేరుకోగానే ఆపేయకుండా డాక్టర్ చెప్పినన్ని రోజులు వేయించండి. వాపుని కోయడం, పొడవడం అసలు వద్దు. పుట్టగానే బొడ్డుని 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో ముంచి, పొడి పడక వేస్తే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

వాపు లేదు, కానీ కాళ్లు కర్రల్లా బిగుసుకుని వణుకుతోంది

సెలీనియం, విటమిన్ ఇ లోపం వల్ల కండరాలు దెబ్బతింటే ఇలా ఉంటుంది. సూది ఉంది, అయితే సెలీనియం కాస్త ఎక్కువైనా విషమే కాబట్టి దూడ బరువు తూచి డాక్టరే వేయాలి. గుండె కండరానికీ దెబ్బ ఉండొచ్చు, అందుకే అలాంటి దూడని పరిగెత్తించకండి. మందలో చూడితో ఉన్న మిగతా ఆవుల మేతలో ఖనిజ లవణాలు సరిపోతున్నాయో లేదో అదే రోజు డాక్టర్‌ని అడగండి.