ఖాళీగా కనిపించిన గడి చార్టులో సున్నా అయినప్పుడు: నా అనుభవం

మా పొలంలోని బోరుబావిలో నీటిమట్టం ఎంత లోతున ఉందో నెలనెలా అడుగుల్లో కొలిచి ఎక్సెల్‌లో నమోదు చేస్తుంటాను. కొలవలేకపోయిన నెలల వద్ద చార్టులోని గీత నేరుగా సున్నాకు చేరేది. లోతు సున్నా అంటే నీరు నేలమట్టానికి వచ్చిందని అర్థం కనుక, అటువంటి చార్టు చూసినవారు తప్పక పొరబడతారు.

మొదట చార్టుపై రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ డేటాలోని హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్‌లో గ్యాప్స్ (ఖాళీ గడి వద్ద గీతను తెంచడం) ఎంచుకున్నాను గానీ ఫలితం లేకపోయింది. ఆ గడులు నిజంగా ఖాళీ కావు: అడుగులను మీటర్లలోకి మార్చే నా ఇఫ్ ఫార్ములాలో, కొలత లేనప్పటి కోసం పక్కపక్కనే రెండు కొటేషన్ గుర్తులు పెట్టాను, దానివల్ల గడిలోకి వచ్చేది అక్షరాలు లేని టెక్స్టే తప్ప ఖాళీ కాదు, లైన్ చార్టు టెక్స్టును సున్నాగానే గీస్తుంది. ఆ గుర్తుల స్థానంలో, ‘విలువ అందుబాటులో లేదు’ అనే ఎర్రర్‌ను (#N/A) ఇచ్చే ఎన్ఏ ఫంక్షన్ పెట్టగానే సున్నాలు పోయాయి. మైక్రోసాఫ్ట్ 365లో ఎన్ఏను ఖాళీ గడిగా చూపే ఎంపిక కూడా ఆ హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్‌లోనే ఉండటంతో గీత తెగి కనిపిస్తుంది. పాత వెర్షన్లలో మాత్రం ఇరుపక్కల బిందువులు కలిసిపోతాయి. కొలవని నెలను కొలిచినట్లు చూపే గీత కంటే తెగిన గీతే నిజాయితీ గలదని నా అభిప్రాయం.

ఎన్ఏ ఉన్న వరుసకు యావరేజ్ వేస్తే అదీ ఎన్ఏనే చూపుతుంది. అందుకని అగ్రిగేట్ ఫంక్షన్‌కు మొదట 1 (సగటు కోసం), తరువాత 6 (ఎర్రర్లను వదలడానికి) ఇచ్చి సగటు తీశాను.