స్పీడ్ గన్‌కు చిక్కాక: చలాన్ కట్టేముందు చూసుకోవాల్సినవి

తెలంగాణలో అతివేగంగా వెళ్లిన బండిని చాలాసార్లు అక్కడికక్కడ ఆపరు. ట్రైపాడ్ మీదో, ఇంటర్‌సెప్టర్ వాహనంలోనో ఉన్న లేజర్ గన్ వేగం కొలిచి, నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీస్తుంది. చలాన్ ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారి మీద పడుతుంది. ఆ సమయంలో స్టీరింగ్ పట్టుకున్నది తమ్ముడా, డ్రైవరా అన్నది ఆ ఫొటోను బట్టి తేలదు.

కెమెరాతో పట్టుకున్న ఉల్లంఘనకు 15 రోజుల్లోపు నోటీసు పంపాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021లో చేర్చిన 167ఎ నియమం చెబుతోంది. ఆచరణలో ముందుగా వచ్చేది ఎస్సెమ్మెస్. అదీ ఆర్‌సీకి జోడించిన ఫోన్ నంబరుకే వస్తుంది. ఆ నంబరు షోరూం వాళ్లదో, పాత యజమానిదో అయితే మీకు ఏమీ తెలియదు. అందుకే అనుమానం ఉంటే మెసేజ్ కోసం ఎదురుచూడకుండా మీరే వెతకండి. కొన్ని చలాన్లు త్వరగా కనిపిస్తాయి, కొన్నింటికి రోజులు పడతాయి. కాబట్టి ఒక్కసారి చూసి వదిలేయకుండా వారం తర్వాత మళ్లీ చూడండి.

ఎస్సెమ్మెస్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన లింకును మాత్రం నొక్కవద్దు. చలాన్ పేరుతో ఏపీకే ఫైలు పంపి, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకున్న ఫోన్ నుంచి ఓటీపీలు లాగి బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసం బాగా నడుస్తోంది. పోలీసులు చలాన్‌ను యాప్ ఫైలుగా పంపరు. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైటును బ్రౌజరులో మీరే తెరిచి, బండి నంబరు కొట్టండి. ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరు చివరి అంకెలు కూడా అడగవచ్చు కాబట్టి ఆర్‌సీ దగ్గర పెట్టుకోండి. వేరే రాష్ట్రంలో చిక్కామని అనుమానం ఉంటే కేంద్ర రవాణా శాఖ పోర్టల్ పరివాహన్ ఈ-చలాన్ సైటులోనూ చూడాలి.

ఫొటో తెరవకుండా డబ్బు కట్టేయడం చాలామంది చేసే పొరపాటు. ఒకసారి కట్టాక అది తప్పు చలాన్ అని వాదించడం కష్టం. 167ఎ ప్రకారం చలాన్‌తో పాటు ఉల్లంఘన, నంబరు ప్లేటు స్పష్టంగా తెలిసే ఫొటో, యంత్రం కొలిచిన అంకె, తేదీ, సమయం, చోటు ఉండాలి. ముందుగా బండి మోడల్, రంగు, స్టిక్కర్లు మీవేనా చూడండి. తర్వాత నంబరును అక్షరం అక్షరం చదవండి: 8, బి ఒకదానికొకటిలా కనిపిస్తాయి, సున్నా, ఓ కూడా అంతే. పక్కపక్కనే రెండు బండ్లు ఉంటే గన్ గురి దేనిమీద ఉందో గమనించండి.

ఆ తర్వాత ఆ చోట, ఆ రకం బండికి పరిమితి ఎంతో సరిచూడాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు, కానీ అది డివైడర్ వైపున్న మొదటి రెండు లేన్లకే. 3, 4 లేన్లలో 80 దాటకూడదు. ఎడమవైపు నుంచి ఓవర్‌టేక్ చేస్తూ 95లో వెళ్లినవాళ్లు '120 లోపే ఉన్నాం కదా' అనడం అందుకే చెల్లదు. డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్లపై 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కార్లకు 100, డ్రైవరు కాక 9 లేదా అంతకన్నా ఎక్కువ సీట్లున్న ప్రయాణికుల వాహనాలకు 90, సరుకు బండ్లకూ బైకులకూ 80. అయితే రాష్ట్రం దీన్ని తగ్గించవచ్చు. ఊళ్ల దగ్గర 80 అనో, 60 అనో బోర్డు ఉంటే అదే పరిమితి. 'మా మీటరులో అంత చూపలేదు' అన్న వాదన కూడా నిలవదు. స్పీడోమీటర్లు సాధారణంగా అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపుతాయి. కంపెనీ ఇచ్చిన సైజు కన్నా పెద్ద టైర్లు వేయిస్తేనే లెక్క తిరగబడుతుంది.

అన్నీ సరిగ్గా ఉంటే కారుకు సాధారణంగా 1000 రూపాయల జరిమానా, 35 రూపాయల యూజర్ ఛార్జీలు కలిపి 1035 కట్టాలి. ఒకే ప్రయాణంలో రెండు చోట్ల గన్ పట్టుకుంటే రెండు చలాన్లు పడతాయి, ఒకటి కడితే రెండోది పోదు. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం మళ్లీ మళ్లీ దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకునే వీలుంది.

తప్పు చలాన్ అయితే కట్టకండి. ముందుగా ఆ ఫొటోను సేవ్ చేసుకోండి. ఈ-చలాన్ సైటులో ఫిర్యాదు పెట్టి, మీ బండి ముందూ వెనకా ఫొటోలు, ఆర్‌సీ కాపీ జతచేయండి. మీ నంబరు వేరే బండికి తగిలించుకుని ఎవరో తిరుగుతున్నారని తేలితే అది మీకే ప్రమాదం. చలాన్ రద్దుతో ఆగకుండా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ సమయానికి మీ బండి ఎక్కడుందో చూపే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, పార్కింగ్ రసీదు, అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా ఫుటేజీ బాగా పనికొస్తాయి. ఫుటేజీ కొన్ని రోజుల్లో చెరిగిపోతుంది, అందుకే దాన్ని ముందు అడగండి.

అమ్మేసిన బండి మీద చలాన్ వస్తే, ఆర్‌సీ ఇంకా మీ పేరు మీదే ఉందని అర్థం. కొన్నవారితో వాదన పెట్టుకునేలోపు రవాణా శాఖలో బదిలీ పూర్తయ్యేలా చూడండి. నడిపింది వేరేవాళ్లయితే, పోలీసులు అడిగినప్పుడు వారి పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పడం 133వ సెక్షన్ కింద యజమాని బాధ్యత.

రాయితీ కోసం ఆగాలా అని చాలామంది అడుగుతారు. 2022లోనూ, 2023 డిసెంబరులోనూ తెలంగాణలో పెండింగ్ చలాన్లపై పెద్ద రాయితీలు ఇచ్చిన మాట నిజమే. కానీ అవి ప్రభుత్వం ఇష్టపడి ప్రకటించినవి, మళ్లీ వస్తాయన్న హామీ లేదు. ఈలోపు తనిఖీలో బండి ఆపినా, అమ్మకానికి పెట్టినా బకాయిలన్నీ ఒక్కసారే ముందుకొస్తాయి. యూపీఐతోనో, కార్డుతోనో, మీసేవలోనో కట్టి ట్రాన్సాక్షన్ నంబరు దాచుకోండి. ఖాతాలో డబ్బు పోయి చలాన్ ఇంకా పెండింగ్‌లోనే కనిపిస్తే వెంటనే రెండోసారి కట్టకండి. రెండు మూడు రోజులు ఆగి చూసి, అప్పటికీ మారకపోతే ఆ నంబరుతో ఫిర్యాదు చేయండి. బీమా గురించి కంగారు వద్దు: నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయేది క్లెయిమ్ చేసినప్పుడే, చలాన్ వల్ల కాదు.