పేతురు అన్న పేరుకు గ్రీకు మూలం వెతకడం ఎలా?

కొత్త నిబంధనలోని పేరుకు అర్థం కావలసినవారు పేర్ల పుస్తకాలు తిరగేసే ముందు, ఆ పేరు వచ్చిన వాక్యాన్ని నిదానంగా చదవాలి. కొన్నిచోట్ల సువార్తికులే అర్థం చెప్పి ఉంచారు. యోహాను సువార్త 1:42లో యేసు సీమోనుకు కేఫా అని పేరు పెట్టగా, ఆ మాటకు రాయి అని అర్థమని తెలుగు బైబిలు అక్కడే చెబుతుంది. గ్రీకు ప్రతిలో ఆ 'రాయి' ఉన్న చోట కనిపించేది 'పెత్రొస్', అంటే పేతురు పేరే.

తరువాత గ్రీకు మాటల కింద అర్థాలు ముద్రించిన ఇంటర్‌లీనియర్ బైబిలు తీసుకుని, పేరుకు ఇచ్చిన స్ట్రాంగ్ సంఖ్యను, అంటే బైబిలు మూల భాషల్లోని ఒక్కో మాటను నిఘంటువులో వెతకడానికి దానికి ఇచ్చిన వరుస సంఖ్యను, చూడాలి. పెత్రొస్ సంఖ్య 4074, కేఫాస్ సంఖ్య 2786. రాముడు, రాముని, రామునికి అని మన పేర్లు మారినట్టే గ్రీకు పేర్లూ విభక్తిని బట్టి పెత్రొస్, పెత్రూ, పెత్రొన్ అని మారతాయి కనుక, నిఘంటువులో ప్రథమా విభక్తి రూపాన్నే వెతకాలి. కేఫాస్‌లోని చివరి 'స్' గ్రీకువారు చేర్చినదే. దాన్ని తీసేస్తే, యేసు కాలంలో అక్కడి యూదులు మాట్లాడిన అరామిక్ భాషలోని మాట 'కేఫా' మిగులుతుంది. కాబట్టి కేఫాస్ ధ్వనిని దించుకున్న పేరు, పెత్రొస్ అర్థాన్ని అనువదించిన పేరు.

నీవు పేతురువు, ఈ బండమీద నా సంఘమును కట్టుదును అని యేసు చెప్పిన మత్తయి 16:18 దగ్గర కొంత నిగ్రహం కావాలి. అక్కడ 'బండ'కు వాడిన 'పెత్రా' స్త్రీలింగం. పురుషుడి పేరు కనుక పెత్రొస్ అయింది. పెత్రొస్ చిన్న రాయి, పెత్రా పెద్ద బండ అన్న తేడా మీదనే ప్రసంగమంతా నిలబెట్టడం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే అరామిక్‌లో పేరుకూ బండకూ కేఫా అన్న ఒక్క మాటే సరిపోతుంది.

అతని మొదటి పేరు సీమోను ఇంకా తికమక పెడుతుంది. గ్రీకులోనే 'సిమోస్', అంటే చప్పిడి ముక్కువాడు, అన్న మాట నుంచి పుట్టిన సీమోన్ అనే పేరు ఉంది. అయితే అపొస్తలుల కార్యములు 15:14లో యాకోబు ఇతన్ని సుమెయోను అన్నాడు. అది ఆదికాండము 29:33లో లేయా తన కుమారుడికి, యెహోవా విన్నాడని చెప్పి, పెట్టిన హెబ్రీ పేరే. నిఘంటువు చూపే గ్రీకు అర్థాన్ని ఇక్కడ వదిలేయాలి.

అతని సోదరుడు అంద్రెయ సంగతి వేరు. ఆ పేరు పురుషుడు, పౌరుషం అన్న అర్థాలున్న గ్రీకు ధాతువు నుంచి వచ్చింది. అదే బేత్సయిదా ఊరివాడైన ఫిలిప్పు పేరుకు గుర్రాలంటే ఇష్టపడేవాడని అర్థం. అలెగ్జాండర్ తండ్రి పేరూ ఇదే. ఈ రెండింటికీ అరామిక్ మూలం వెతకడం వృథా.