రోహిణి కార్తె రాకముందే ఇన్వర్టర్ సంగతి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బెజవాడలో రోళ్ళ మాటేమో గానీ, మే నెలాఖరున సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోవడం మామూలే. ఇంట్లో కూర్చుని పనిచేసుకునేవాళ్ళకు అసలు టెన్షన్ అప్పుడే. గాలివాన వెలిశాక ఏలూరు రోడ్డుకు పరుగెత్తి, షాపులో ఏది ఉంటే అది మోసుకొచ్చే బదులు ఇప్పుడే నింపాదిగా కొనుక్కోవడం మేలు.

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. షాపువాడు చూపించిన పెద్ద ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీ కొన్నాను. మొదటిసారి కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, మీటింగ్ మాత్రం ఆగిపోయింది. రౌటర్ ఉన్న హాలు ప్లగ్గుకు ఇన్వర్టర్ లైనే లేదు! అందుకే డబ్బు తీసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీరు పనిచేసే గదికి, రౌటర్ దగ్గరికి లైను లాగించుకోండి. వీధి చివర మీ నెట్ ఆపరేటర్ పెట్టిన పెట్టెకు బ్యాకప్ లేకపోతే మీ ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా నెట్ రాదు. ఆ సంగతీ అడగండి. లేదంటే ఫోన్ హాట్‌స్పాటే దిక్కు.

ఇక లెక్క. ల్యాప్‌టాప్‌కు సుమారు 60 వాట్లు, రౌటర్‌కు 15, మామూలు ఫ్యాన్‌కు 75, ఎల్‌ఈడీ లైటుకు 10. మొత్తం 160. 12 వోల్టుల 150 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ అంటే, రెండూ గుణిస్తే, కాగితం మీద 1800 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది పోగా, బ్యాటరీని అడుగంటా వాడకుండా ఉంటే, చేతికొచ్చేది వెయ్యి అనుకోండి. అంటే ఆరు గంటలు. మామూలు ఫ్యాన్ తీసేసి, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ పెడితే దాని వాడకం 30 వాట్లకు దిగుతుంది, అదే బ్యాటరీ ఎనిమిది గంటలకు పైగా లాగుతుంది. నన్నడిగితే పెద్ద బ్యాటరీ కన్నా ముందు ఆ ఫ్యాన్ కొనండి. ఏసీ, ఫ్రిజ్, లేజర్ ప్రింటర్ ఈ లైను మీద పెట్టకండి.

ఇన్వర్టర్లలో స్క్వేర్ వేవ్ రకం చవకే, కానీ ఫ్యాన్ గుయ్యిమంటుంది. మామూలు కరెంటులాగే సాఫీగా ఇచ్చే సైన్ వేవ్ రకమే తీసుకోండి. ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది కనుక కరెంటు మారే ఆ క్షణం దానికి లెక్క కాదు. డెస్క్‌టాప్ మాత్రం ఆ కాస్తలోనే రీస్టార్ట్ కావచ్చు. చాలా ఇన్వర్టర్లకు వెనక, కరెంటు పోగానే ఇంకా త్వరగా బ్యాటరీకి మార్చే యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి. అప్పటికీ ఆగిపోతుంటే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. రౌటర్‌కు విడిగా మినీ యూపీఎస్‌లూ దొరుకుతాయి.

బ్యాటరీ ఎక్కడ పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. వేడికి దాని ఆయుష్షు తరుగుతుంది, కాబట్టి పడమటెండ తగిలే వరండా వద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు ట్యూబులర్ బ్యాటరీ (ఇన్వర్టర్‌కు వాడే, నీళ్ళు పోసే రకం) నుంచి మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది, దానికి గాలి ఆడాలి. మెట్ల కింద మూసిన అలమరలో పెట్టి, పక్కనే దేవుడి పటం ముందు హారతి వెలిగించే ఇళ్ళు చూశాను. దేవుడే కాపాడుతున్నాడు. బ్యాటరీలో పోసేది డిస్టిల్డ్ వాటరే, మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళు కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగింది. పల్లపు ప్రాంతంలో, కింది అంతస్తులో ఉండేవాళ్ళు ఇన్వర్టర్‌ను నేల మీద పెట్టకండి, ఎత్తుగా దిమ్మె కట్టించండి. మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుందని మాత్రం మరిచిపోవద్దు. ఇంట్లోకి నీళ్ళు వచ్చేలా ఉంటే, రాకముందే మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. నీళ్ళలో నిలబడి స్విచ్ జోలికి వెళ్ళకండి.

అంతా అమర్చాక ఒక ఆదివారం మెయిన్ ఆపి, ఎప్పటిలాగే రెండు గంటలు పనిచేసి చూడండి. రౌటర్ లైట్లు వెలుగుతున్నాయో లేదో మొదట అది చూడండి.