షరతుల అప్పు: యుద్ధానంతర దౌత్యంలో విదేశీ రుణాన్ని వాడే తీరు

భీమవరం వైపు మేత డీలరు రొయ్యల రైతుకు మేత అరువిస్తాడు. పట్టుబడి తనకే అమ్మాలన్నది షరతు. అయినా పంటకు సరిపడా బస్తాలన్నీ ఒక్కరోజే గట్టు మీద దించడు. దేశాలమధ్య అప్పుకూ కిటుకు అదే: షరతును సంతకానికి కాదు, విడతకు కట్టాలి. కాలేజీల్లో నమూనా చర్చలకు సిద్ధమవుతూ అప్పిచ్చే దేశం తరఫున కూర్చునేవాళ్లు ముసాయిదా రాసేముందు ఈ సంగతులు చూసుకోండి.

మొదట, అవతలివాడికి ఇంకో గుమ్మం ఉందా? 1946లో చెకోస్లోవేకియాకు ఇస్తున్న 5 కోట్ల డాలర్ల యుద్ధ మిగులు సామగ్రి అరువును అమెరికా మధ్యలో ఆపేసింది. పారిస్ శాంతి సభలో అమెరికాను దుయ్యబట్టిన సోవియట్ ప్రసంగానికి చెక్ ప్రతినిధులు చప్పట్లు కొట్టారన్న కోపం అందులో ఉంది. చెక్ రాజధాని ప్రేగ్‌కు మాస్కో గుమ్మం తెరిచే ఉంది. 1947 జూలైలో మార్షల్ సాయం (యుద్ధంలో చితికిన ఐరోపాను నిలబెట్టే అమెరికా పథకం) చర్చలకు వస్తామని ఒప్పుకుని, స్టాలిన్ ఒత్తిడితో వెనక్కి తగ్గింది. అలిగి ఆపడం షరతు కిందికి రాదు.

ఎక్కువ జాగ్రత్త కావలసింది గడువు దగ్గర. 1945 డిసెంబరు ఒప్పందంలో బ్రిటన్‌కు అమెరికా ఇచ్చిన అప్పు 375 కోట్ల డాలర్లు, 2 శాతం వడ్డీ, 1951 చివరినుంచి 50 వార్షిక వాయిదాలు. షరతు: ఒప్పందం అమల్లోకి వచ్చిన ఏడాదిలోగా పౌండ్లను డాలర్లలోకి మార్చుకోనివ్వాలి. 1947 జూలై 15న తలుపు తీశారు. పౌండ్లున్నవాళ్లంతా డాలర్లకు ఎగబడ్డారు, ఆగస్టు 20న మూసేశారు. అయిదు వారాల ముచ్చట! తప్పెక్కడంటే, షరతును క్యాలెండరుకు కట్టారు, ఖజానాకు కాదు. ‘డాలర్ల నిల్వ ఫలానా మట్టానికి చేరాక’ అని రాయాల్సింది. విచిత్రమేమిటంటే, అదే ఒప్పందంలో వడ్డీ మాఫీ క్లాజును మాత్రం చక్కగా రాబడికే ముడిపెట్టారు. ఆ అప్పు చివరి వాయిదా తీరింది 2006 డిసెంబరులో.

ఆపాల్సివస్తే మొత్తం ఆపకండి. 1948 డిసెంబరు 19న డచ్చి సేనలు ఇండొనేషియా రిపబ్లిక్‌మీద పడ్డాయి. డచ్చి వలసప్రాంతానికి మార్షల్ సాయంలో ఇచ్చే వాటాను మూడు రోజుల్లో అమెరికా నిలిపేసింది. హాలండ్ సొంత మార్షల్ సాయాన్ని ముట్టుకోలేదు, అది పోతుందేమోనన్న భయాన్ని మిగిల్చింది. ఐక్యరాజ్యసమితి ఒత్తిడీ తోడై, 1949 డిసెంబరు 27న అధికారం చేతులు మారింది.

సాయం సరుకు రూపంలో వెళ్తే డబ్బు పెట్టె తాళం గురించి కూడా రాసుకోండి. మార్షల్ పథకంలో అధికభాగం గ్రాంటే. అయినా దానికి సమానమైన స్థానిక కరెన్సీని ఆ ప్రభుత్వం ప్రత్యేక ఖాతాలో జమచేయాలి. అందులో 5 శాతం అమెరికా అవసరాలకు, మిగతాది తీయాలంటే దాని సమ్మతి కావాలి. తిరిగి రాని డబ్బుకు కూడా పట్టు ఉంటుందన్నమాట.

చివరగా, విడత మరీ చిన్నదైతే వికటిస్తుంది. 1965లో పీఎల్-480 (అమెరికా ఆహార సాయం చట్టం) గోధుమలను అమెరికా అధ్యక్షుడు జాన్సన్ భారత్‌కు కొద్దికొద్దిగా వదిలాడు. వ్యవసాయానికి పెట్టుబడి పెంచుతామని ఆ నవంబరులో రోమ్‌లో మన వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం ఒప్పుకున్నారు. ఆ షరతు నెరవేరడానికి కారణం, ఆయనకూ కావలసింది అదే కావడం. పశ్చిమ గోదావరిలో ప్యాకేజీ పథకం (విత్తనం, ఎరువు, అప్పు కలిపి రైతుకు అందించే సాగు పథకం) 1960ల మొదట్లోనే మొదలైంది కదా. వియత్నాం యుద్ధం విషయంలో అమెరికామీద మన విమర్శను మాత్రం ఆ గోధుమలు ఆపలేకపోయాయి.