పచ్చి కోడి సియ్యలు పొయ్యెక్కేలోపు

అంగట్లో కొట్టించుకొచ్చిన కోడిలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇవి కోడి పేగుల్లో బతుకుతాయి. కోసేటప్పుడు పేగు తెగినా, కోళ్లన్నిటినీ ఒకే నీళ్లలో ముంచి తీసినా సియ్యలకు, అంటే మాంసం ముక్కలకు, అంటుకుంటాయి. ఫారంలో యాంటీబయాటిక్ వాడేకొద్దీ దానికి చచ్చేవి చచ్చిపోయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఆసుపత్రుల్లో ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకూ కోళ్లకూ వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది ఇందుకే. నాటుకోడి కదా అని ధీమా వద్దు, సాల్మొనెల్లా అందులోనూ ఉంటుంది.

మందుకు లొంగని బ్యాక్టీరియా వేడికి మాత్రం మామూలు దానిలాగే చస్తుంది. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరితే చాలు. కాబట్టి బాగా ఉడికిన కూరతో భయం లేదు. భయమంతా పొయ్యెక్కకముందు వంటింట్లో జరిగే పనులతోనే.

అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది కడగడంలో. కొళాయి ధారగా వదిలి కడిగితే నీళ్లు చింది, పక్కనున్న గిన్నెల మీదా గట్టు మీదా కంటికి కనపడకుండా పడతాయి. అసలు కడగకపోవడమే మేలు. ఈకలు, ఎముక పొడి ఉన్నాయని కడగక తప్పకపోతే లోతైన గిన్నెలో నీళ్లు పోసి, సియ్యలు మెల్లగా వేసి, చేత్తో కదిపి, ఆ నీళ్లను తూములోకి దగ్గరగా వంచండి. ఉప్పు, పసుపు, నిమ్మరసం, పెరుగు పట్టిస్తే రుచికి మంచిదే. బ్యాక్టీరియాను చంపడానికి అవి చాలవు.

తర్వాత కత్తిపీట. సంగటిలోకి పచ్చి ఉల్లిపాయ, నిమ్మబద్ద ఎలాగూ కావాలి, వాటిని సియ్యలు తరిగిన కత్తిపీట మీదే కోస్తే ఉడకని తిండితో బ్యాక్టీరియా నేరుగా నోట్లోకి పోతుంది. ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ ముందే కోసి మూతపెట్టి, సియ్యల పని చివర్లో పెట్టుకోండి. వీలైతే రెండు కత్తిపీటలు ఉంచుకోండి. పని కాగానే సబ్బుతో రుద్ది కడిగి, మరిగే నీళ్లు పోయండి. గట్టుకు 4 లీటర్ల నీళ్లలో 15 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి తుడవొచ్చు. జిడ్డు ఉంటే బ్లీచ్ పనిచేయదు, అందుకే సబ్బు ముందు. చేతులు 20 సెకన్లు రుద్దాలి. ఆ తర్వాతే ఉప్పు డబ్బా, ఫోను ముట్టుకోండి.

కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో సియ్యలు బయట గంట మించి ఉంచకూడదు. కూరగాయలు, సామాన్లు అన్నీ కొన్నాక చివరగా అంగడికి వెళ్లండి. ఫ్రిజ్‌లో మూత ఉన్న గిన్నెలో కింది అరలో పెట్టండి, పైన పెడితే నీరు కారి వండిన కూరల మీద పడుతుంది. రెండు రోజుల్లో వండేయాలి. గడ్డకట్టించినా బ్యాక్టీరియా పూర్తిగా చావదు, పెరగడం ఆగుతుందంతే. గడ్డ కరగడానికి రాత్రంతా గట్టు మీద వదిలేయకుండా ఫ్రిజ్ కింది అరలోకే మార్చండి.

వండేటప్పుడు ఎముక దగ్గర ఎర్రగా ఉందా అని మాత్రమే చూస్తే సరిపోదు, రంగు మోసం చేస్తుంది. గుచ్చి చూసే థర్మామీటరుంటే తొడ ముక్కలో ఎముకకు తగలకుండా పెట్టి చూడండి. లేకపోతే పులుసు బాగా మరిగాక సన్నమంట మీద మూతపెట్టి, ముక్క ఎముకనుంచి విడిపోయేదాకా ఉంచండి. కార్జం మెత్తగా ఉండాలని లోపల పచ్చిగా దించేస్తుంటారు, అది చాలా ప్రమాదం. నాటుకోడిని మంట మీద కాల్చినా తోలే కాలుతుంది, లోపల పచ్చిదే. మిగిలిన కూర ఎండాకాలంలో గంటలోపు ఫ్రిజ్‌లోకి పోవాలి, మళ్లీ తినేముందు పొగలు కక్కేలా మరిగించాలి.

విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర వేసుకోవద్దు. చాలా విరేచనాలకు అది అక్కర్లేదు, లొంగని బ్యాక్టీరియా అయితే పనిచేయదు కూడా. నెత్తురు పడినా, జ్వరం ఎక్కువున్నా, మూత్రం తగ్గినా, పసిబిడ్డ, గర్భిణి, ముసలివాళ్లయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు పోవాలి. ఏ మందుకు లొంగుతుందో తేల్చే మల కల్చర్ పరీక్ష అవసరమా అని అడగండి. నమూనా యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి.