కీమో రోజుల్లో ఇంటి వ్యాయామం – 4వ పాఠం: తిమ్మిరి పాదాలు

పోయిన పాఠంలో 'ఏదైనా పట్టుకుని మడమలు పైకెత్తండి' అని రాశాను. గజపతినగరం వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని చేసిందట. గచ్చు మీద కుర్చీ జారి వెనక్కి పడింది. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు. ఏం పట్టుకోవాలో నేను రాసి ఉండాల్సింది, తప్పు నాదే. ఇకమీదట కిటికీ ఊచలు గానీ వంటగది గట్టు గానీ పట్టుకోండి. కుర్చీ కూర్చోవడానికే.

మిగతావాళ్లలో ఎక్కువమంది అన్నది ఒకటే: "అరికాలు నేలకి ఆనిందో లేదో తెలియట్లేదండీ, దూది మీద నిలబడ్డట్టుంది." అండాశయం, గర్భాశయం క్యాన్సర్లకు 3 వారాలకోసారి ఎక్కించే మందుల్లో చాలాసార్లు పాక్లిటాక్సెల్ ఉంటుంది. అది వేళ్ల చివరి నరాలను దెబ్బతీయొచ్చు. తిమ్మిరి, మంట అందుకే. తర్వాతి సైకిల్‌కి, అంటే తర్వాతి విడత మందు ఎక్కించడానికి ముందే ఈ సంగతి డాక్టరుకి చెప్పండి. చెబితే కీమో ఆపేస్తారని దాచుకునేవాళ్లున్నారు. దాచొద్దు. మోతాదు తగ్గించడానికో, మందు మార్చడానికో వాళ్లకు వీలుంటుంది.

ఇప్పుడు చెప్పుల గురించి. నేను ఎన్నిసార్లు చెప్పినా వినని మాట ఇదే. "ఇంట్లో చెప్పులేంటమ్మా, దేవుడి గది ఉంది కదా" అంటారు. పాదానికి స్పర్శ తెలియనప్పుడు వంటింట్లో ఒలికిన గంజి తెలియదు, పెరట్లో ముల్లు తెలియదు. ఒడియాలు పెట్టడానికి ఎండవేళ డాబా ఎక్కితే కాలు బొబ్బలెక్కిందని రాత్రి ఎవరో చూసి చెబితేనే తెలుస్తుంది. మందు ఎక్కించాక సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు దాకా రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి. అప్పుడు చిన్న పుండు కూడా పెద్ద ఇన్ఫెక్షన్ కావచ్చు. హవాయి చెప్పులూ వద్దు. వేళ్లతో బిగించి పట్టుకుంటేనే అవి కాలికి ఉంటాయి, మీ వేళ్లకు ఆ పట్టే లేదు. వెనక పట్టీ ఉండి, అడుగు జారనివి ఒక జత ఇంటికోసమే కొనుక్కోండి. వీధిలోకి వేసుకెళ్లకండి, మైల అన్న బాధ ఉండదు. దేవుడి గది గుమ్మం దగ్గర విప్పి, కూర్చుని దణ్ణం పెట్టుకోండి. పైడితల్లి అమ్మవారికి వట్టికాళ్లతో ప్రదక్షిణలు మొక్కుకున్నారా? కాలు బాగుపడ్డాక తీర్చుకోండి. అమ్మ ఆగుతుంది.

కూర్చుని చీలమండలు తిప్పడం మీకు వచ్చు కాబట్టి మళ్లీ రాయను. కొత్తది నిలబడటం. చెప్పులు వేసుకుని, పొయ్యి వెలగని వేళ వంటగది గట్టుకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఆనించండి. ముందు పాదాలు రెండూ పక్కపక్కనే చేర్చి 10 అంకెలు లెక్కపెట్టండి. తూలకపోతే ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి మళ్లీ 10. అదీ కుదిరితే ఒక మడమ రెండో కాలి బొటనవేలికి తగిలేలా ఒకదాని వెనక ఒకటి పెట్టి 10. లెక్క పైకే అనండి, ఊపిరి బిగపట్టరు. కళ్లు మాత్రం మూయకండి. పాదం చెప్పలేని సంగతి ఇప్పుడు కళ్లే చెబుతున్నాయి. నేనైతే పొద్దున్న ఉక్క మొదలవకముందే చేయిస్తాను. సాయంత్రానికి మీకు ఓపిక ఉండదు.

100.4 డిగ్రీల జ్వరం వస్తే వ్యాయామం మాట పక్కనపెట్టి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరండి. మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు. ఒక కాలే వాచి పిక్క నొప్పి పెట్టినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అంతే.

అభ్యాసం: 21 రోజులు, రోజుకు 3 సార్లు. ఏ నిలుపులో ఎన్ని అంకెల దాకా ఆగారో నోటుబుక్కులో రాయండి. రాత్రి పడుకునే ముందు కూతురినో కోడలినో టార్చి వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూడమనండి. సిగ్గుపడకండి. ఎవరూ లేకపోతే నేలమీద అద్దం పెట్టి మీరే చూసుకోండి. కీమో ఎక్కించిన రోజు, ఆ తర్వాత 2 రోజులు నిలబడొద్దు. కుర్చీలో చీలమండలు తిప్పి, పుస్తకంలో 'కూర్చుని' అని రాసుకుంటే ఆ రోజుకి చాలు.